బండికి తగిలించిన పాట

సంపెంగలపాలెం మున్సిపాలిటీలో మలేరియా ఇన్‌స్పెక్టరు గుత్తుల సూర్యచక్రం గారికి, రిటైర్మెంటు దగ్గరపడుతున్న వయసులో, పాటలు పాడే మోటారుసైకిలు వచ్చి పడింది. ఆయన అడిగింది కాదు. ఏళ్ళ తరబడి ఆయన అడుగుతున్నవి వేరే ఉన్నాయి. కాలవల్లో చల్లే మందు, చిల్లుల్లేని రబ్బరు బూట్లు, పొగ యంత్రానికి ఒక మూత. అవి అడిగి అడిగి నోరు నొప్పెట్టి ఊరుకున్నాక, అడగని బండి వచ్చింది. సర్కారు వారి చల్లని చూపు ఎప్పుడూ అంతే, మనం ఎక్కడ నిలబడితే దాని పక్కనుంచి పోతుంది.

ఇదంతా కొత్త కమిషనరు శౌరి గారి చలవ. కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు, మనసు కూడా మంచిదే. ఎక్కడికో శిక్షణకు వెళ్ళి, వస్తూ వస్తూ ఒక ఉత్సాహాన్ని వెంటబెట్టుకొచ్చాడు. స్టాఫు మీటింగులో లేచి నిలబడి ఇలా సెలవిచ్చాడు.

"మిత్రులారా! ఇప్పటివరకు మనది దృశ్య పరిపాలన. ప్రజలకు బోర్డులు చూపించాం, ఫ్లెక్సీలు చూపించాం. చూసీ చూసీ వారి కళ్ళు అలసిపోయాయి. ఖాళీగా ఉన్నవి చెవులు మాత్రమే. ఇక మీదట మనది శ్రవణ సుపరిపాలన!"

అందరూ చప్పట్లు కొట్టారు. చెవులు ఖాళీగా ఉన్నాయని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు మరి.

బండి చూడ్డానికి బాగానే ఉంది. హ్యాండిలుకు అటూ ఇటూ గుండ్రటి స్పీకర్లు, మధ్యలో పాట పేరు కనిపించే చిన్న తెర, దాని కింద పెన్ డ్రైవ్ దూర్చే సందు. ఇంజను జోరు పెరిగితే పాట కూడా గొంతు పెంచుతుంది, బండి నెమ్మదిస్తే పాట గొణుగుతుంది. హారన్ ఉండవలసిన చోట వాల్యూం మీట ఉండడం వల్ల, అడ్డొచ్చిన గేదెను తప్పుకోమనడానికి చక్రం గారు నొక్కినప్పుడల్లా గేదెకు ఇంకాస్త గట్టిగా వినిపించేది.

వినిపించేదేమిటంటే, కమిషనరు గారి ఉపన్యాసం. ఆఫీసు వారు ఇచ్చిన పెన్ డ్రైవ్‌లో అదొక్కటే ఉంది. 'ప్రియమైన పౌరులారా, నిలువ నీరు మీ శత్రువు' అని మొదలై, అయిపోగానే మళ్ళీ 'ప్రియమైన పౌరులారా' అని మొదలవుతుంది. బండి వీధి మొదట్లో ఉండగానే జనం తలుపులు బిగించుకునేవారు. దోమలు పెరిగే నీళ్ళతొట్లన్నీ ఆ తలుపుల వెనకాలే ఉండిపోయేవి. పౌరులు పారిపోయారు, దోమలు హాయిగా ఉన్నాయి.

ఇక లాభం లేదని ఒక ఉదయం చక్రం గారు ఆ పెన్ డ్రైవ్ పీకేసి తన సొంతది పెట్టారు.

ఆ సొంత పెన్ డ్రైవ్ సంగతి కొంచెం చెప్పాలి. చక్రం గారికి తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్నదల్లా పాటల పిచ్చి. కుర్రతనం నుంచీ కూడబెట్టిన క్యాసెట్లన్నీ, అంటే పాత సినిమా పాటలు, నాటకం పద్యాలు, బుర్రకథలు, సన్నాయి కచేరీలు, రేడియోలోంచి పట్టుకున్న లలిత గీతాలు, అన్నిటినీ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ షాపువాడి చేత అందులోకి ఎక్కించారు. సంతలో తిరిగే ఆవులాగా దొరికిన చోటల్లా మేసిన సంగీతం అది.

అన్నిటికన్నా చివర, పేరు లేకుండా, ఒక పాట ఉంది. దాని సంగతి చక్రం గారికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

ఆ వైపు పెళ్ళిళ్ళలో ఆడపెళ్ళివారు మగపెళ్ళివారిని ఆటపట్టిస్తూ పాటలు పాడడం రివాజు. బాణీ పాతదే, మాటలు మాత్రం పెళ్ళికొడుకును బట్టి అల్లుతారు. చక్రం గారి భార్య కనకరత్నం తన పెళ్ళిపాట తానే అల్లుకుంది. తీరా పీటల మీద కూర్చున్నది తానే కాబట్టి పాడే భాగ్యం మాత్రం దక్కలేదు. కాపురానికొచ్చిన కొత్తలో, ఒక మధ్యాహ్నం చక్రం గారు ఎవరి దగ్గరో టేపురికార్డరు ఎరువు తెచ్చి బతిమాలితే, సిగ్గుపడుతూ ఎత్తుకుంది. సగంలో అత్తగారు గుమ్మంలోకి వచ్చి "ఏంటమ్మాయ్, గొంతు వీధిదాకా వినపడతంది!" అన్నారు. కనకరత్నం ఒక్క గెంతులో వంటింట్లో పడింది, వెనకాలే చక్రం గారూ పరుగెత్తారు. అంతే. ఆ తర్వాత ఆవిడ పాడలేదు. పిల్లల్ని నిద్రపుచ్చడానికి కూడా తట్టిందే గాని పాడలేదు. ఎప్పుడడిగినా "నాకు రాదండీ" అనేది. అత్తగారు కాలం చేశారు, పిల్లలు పెద్దవాళ్ళై ఉద్యోగాలకు పోయారు, ఆవిడ మాత్రం పాడలేదు.

క్యాసెట్టు మిగిలే ఉందని ఆవిడకు చక్రం గారు చెప్పలేదు. చెబితే పొయ్యిలో పెడుతుందని భయం. అప్పుడప్పుడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకుని వినేవారు. తల్లి మాట వచ్చే చోటికి ముందే ఆపేసేవారు, అది వింటే ఆయనకు మనసు చివుక్కుమనేది. షాపువాడు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించడం పూర్తి కాగానే ఆ ముసలి టేపు యంత్రంలో చిక్కుకుని ముక్కలైంది. ఇప్పుడిక కనకరత్నం పాడే గొంతు ఆ పెన్ డ్రైవ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

సరే, చక్రం గారు పాటలతో బయలుదేరేసరికి ఊరి తీరే మారిపోయింది. బండి రాగానే తలుపులు తెరుచుకునేవి. "మా తొట్టి కూడా చూసెళ్ళండి ఇన్‌స్పెక్టరు గారూ, ఈ పాట అయ్యేదాకా నెమ్మదిగా చూడండి" అని పిలిచి మరీ చూపించేవారు. దోమలకు గడ్డు రోజులొచ్చాయి. సంగతి తెలిసి కమిషనరు గారు మీటింగులో ఆయన్ని పొగిడారు. ఆ పొగడ్తతోనే కొంప మునిగింది.

"ఒక్క మనవి సార్," అంటూ స్టోర్సు సూపరింటెండెంటు అవధానులు గారు లేచారు. "సదరు పాటలు స్టాకులో ఎక్కినట్టు లేదు."

అవధానులు గారు పైసా ముట్టని మనిషి. నవ్వు కూడా ముట్టరు. మున్సిపాలిటీలో ఒక పాత నిబంధన ఉంది, ప్రభుత్వ వాహనానికి తగిలించినదేదైనా వాహనంలో భాగమే, కనుక ప్రభుత్వ ఆస్తి. దాన్ని ఆయన వేదంలా పాటిస్తారు. వెనకటికి చెత్త లారీ డ్రైవరు దిష్టి తగలకుండా బండికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కడితే వాటిని కూడా స్టాకులో రాశారు. ఆ నిమ్మకాయ ఎండి గోళీకాయంత అయి ఇప్పటికీ ఆయన బీరువాలో భద్రంగా ఉంది.

"అవి నా సొంతవండి!" అన్నారు చక్రం గారు.

"తగిలించక ముందు మీ సొంతం. తగిలించిన పిమ్మట సదరు పాటలకు మీరు సరఫరాదారు మాత్రమే," అన్నారు అవధానులు గారు. ఆ సాయంత్రమే బండిని షెడ్డులో పెట్టించి, పెన్ డ్రైవ్ బయటికి రాకుండా సందు మీద లక్క కరిగించి సీలు వేశారు.

తరువాత వచ్చిన ప్రశ్న, పాట ఏ రకం సరుకు? మున్సిపాలిటీలో సరుకులు రెండే రకాలు, వాడినా మిగిలేవి, వాడితే అయిపోయేవి. పార మొదటి రకం, బ్లీచింగ్ పౌడరు రెండో రకం. దీని మీద కమిషనరు గారి గదిలో ఒక పూటంతా చర్చ జరిగింది.

"పాట వాడిన తరువాత మిగులుతుందా?" అని అవధానులు గారు అడిగారు.

"మిగులుతుందండి బాబూ, మళ్ళీ పెట్టుకుంటే మళ్ళీ వస్తది!" అన్నారు చక్రం గారు.

"వచ్చేది మరొక పాట. మొదట వచ్చింది గాలిలో కలిసింది. గాలిలో కలిసిన పౌడరును తిరిగి సంచీలో ఎత్తగలమా? ఎత్తలేం. కావున పాట వాడితే అయిపోయే సరుకు."

కమిషనరు గారికి ఈ మాట చాలా లోతుగా కనిపించింది. "నశ్వరత!" అని కళ్ళు మూసుకుని సంతకం పెట్టారు. ఇక మీదట ఏ పాటైనా ఒక్కసారే వినిపించాలి. వినిపించగానే నిల్వలోంచి కొట్టెయ్యాలి.

లెక్కపెట్టడం కూడా వినకుండానే జరిగింది. వింటే ఖర్చయిపోతుంది కదా. అవధానులు గారు తెర మీద ఒక్కొక్క పేరు చూస్తూ రాసుకున్నారు. చివరికొచ్చి ఆగిపోయారు.

"ఇదేమిటి, దీనికి పేరు లేదు?"

చక్రం గారు తెరకు చెయ్యి అడ్డం పెట్టారు. "అది... ఏదో పాటండి."

"ఏదో అనే సరుకు మన దగ్గర ఉండదు," అని దాని పక్కన ఎర్ర సిరాతో చుక్క పెట్టారు.

తక్కిన పాటల్ని బ్లీచింగ్ పౌడరు పంచినట్టే జనాభాను బట్టి వార్డులకు పంచారు. ఇక ఊళ్ళో చూడాలి ఆ సంబరం. బండి మీద చక్రం గారు, వెనక సీటులో అవధానులు గారు. పాట అయిపోగానే ఆయన కిందికి దిగి, "ఇచ్చట ఒక పాట వాడబడినది" అని ఎవరో ఒకరి చేత సంతకం పుచ్చుకునేవారు. రెండు వార్డులకు కలిపి ఒక యుగళగీతం వస్తే, సరిహద్దులో బండి నిలిపి, మగగొంతు వచ్చినప్పుడు ఇటూ ఆడగొంతు వచ్చినప్పుడు అటూ హ్యాండిలును తిప్పారు. చేపల మార్కెట్టు వార్డుకు వరసగా విషాద గీతాలు పడ్డాయి. అక్కడి ఆడవాళ్ళు తట్టలతో ఆఫీసు మీదికొచ్చారు.

"ఏం బాబూ, మేమేం పాపం చేశాం? పక్క వార్డోళ్ళకి పెళ్ళిపాటలూ, మాకు ఏడుపు పాటలా?"

"మీ వార్డులో తేమ ఎక్కువగా ఉన్నట్టు రికార్డు ఉందమ్మా," అన్నారు అవధానులు గారు ఎంతో మర్యాదగా.

చక్రం గారి వీధి మలుపులోని టీ కొట్టు ధనరాజు, వాడేసిన పాటనొకదాన్ని టీ తిరగబోస్తూ కూనిరాగం తీస్తుంటే అవధానులు గారి చెవిన పడింది. మర్నాడే నోటీసు. 'సదరు పాట యొక్క పల్లవి, ఒక చరణము మీ వద్ద అనధికారికముగా నిల్వ ఉన్నట్లు దృష్టికి వచ్చినది. తక్షణము అప్పగించవలెను.' పాపం ధనరాజు హడలిపోయి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఆఫీసుకొచ్చి, అవధానులు గారి బల్ల ముందు నిలబడి ఆ పాట మొత్తం పాడి అప్పగించాడు. ఆయన శ్రద్ధగా విని రసీదు ఇచ్చారు. "రెండో చరణంలో రాగం కొంచెం తరుగు వచ్చింది, ఈసారికి వదిలేస్తున్నాను," అన్నారు.

ఇలా పాటలన్నీ ఒక్కొక్కటిగా అయిపోతూ వచ్చాయి. చక్రం గారికి ఒకటే ఆశ. పౌడరు డబ్బాలు ఖాళీ అయితే వాటిని సరఫరాదారుకు తిరిగి ఇచ్చేయడం మున్సిపాలిటీలో ఆనవాయితీ. ఆ లెక్కన పాటలన్నీ నిల్ అయితే పెన్ డ్రైవ్ ఖాళీ డబ్బాయే కదా!

"ఔను, తిరిగి ఇచ్చివేయబడును," అని అవధానులు గారు ఒప్పుకున్నారు.

చక్రం గారికి ప్రాణం లేచొచ్చింది. అమాయకుడు కాబట్టి నోరు జారారు. "పాటలు లోపల ఎలాగూ ఉంటాయి లెండి..."

"రిజిస్టరులో లేనిది డబ్బాలో ఎలా ఉంటుంది?" అని అవధానులు గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. తరువాత ఎర్ర చుక్క మీద వేలు పెట్టారు. "అయితే ఇదొకటి అడ్డముంది. ఏమిటో తెలియదు. తెలుసుకుందామంటే వినాలి. విన్నామా, ఖర్చయిపోతుంది. ఏమిటో తెలియని సరుకును ఖర్చు చేయడానికి వీల్లేదు. కావున శుక్రవారం నాడు కాలం చెల్లిన మందులతో పాటు గోతిలో వేసి కాల్చివేయబడును. డబ్బాతో సహా."

"కాల్చేస్తారా!"

"తయారీదారు స్వయంగా హాజరై సరుకును గుర్తించిన ఎడల తప్ప."

చక్రం గారు ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళారు. ఏ వీధిలోంచి వెళ్ళారో ఆయనకే తెలియదు. కనకరత్నం పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆవిడకు చెబితే తిడుతుంది. తిట్టనీ, తిట్లు ఆయనకు కొత్త కాదు. కానీ ఆఫీసు వాకిట్లో నలుగురి ముందూ ఆ పాట మోగుతుందని తెలిస్తే ఆవిడ సిగ్గుతో చచ్చిపోతుంది. చెప్పకపోతే ఆ గొంతు శుక్రవారం నాడు గోతిలో కాలిపోతుంది. ఆ గొంతు లేకుండా మిగతా రోజులు గడపాలన్న ఊహే ఆయనకు దుఃఖం తెప్పించింది. చీర చెంగు పట్టుకుని ఆరేయడానికి సాయం చేస్తున్నట్టు నటిస్తూ, చీరకు ఇవతల నిలబడి, అంతా చెప్పేశారు.

చీరకు అవతల నుంచి కనకరత్నం మాట వినబడింది.

"అయితే ఇన్నేళ్ళూ నాకు తెలీకుండా దాచారన్నమాట."

"ఆయ్."

"వింటున్నారన్నమాట. దొంగచాటుగా."

"నువ్వు పాడవు కదే! ఏం చెయ్యమంటావు? పాడమంటే రాదంటావు. నీ గొంతంటే నాకు ప్రాణమే రత్నం," అన్నారు చక్రం గారు. అంత వయసు వచ్చాక మొదటిసారి అన్నారు ఆ మాట, అదీ తడి చీరతో.

కనకరత్నం చీరను విదిల్చి తీగ మీద వేసింది. "బుద్ధి లేకపోతే సరి! ఊరంతా దోమలు పట్టుకోమంటే పెళ్ళాం పాట పట్టుకుని కూర్చున్నాడంట!" అంది. ముఖం మాత్రం చూపించలేదు. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

శుక్రవారం ఆఫీసు వాకిట్లో స్టాఫంతా చేరారు. ఒక మూల గొయ్యి తవ్వి, కాలం చెల్లిన మందు డబ్బాలు పేర్చి, కిరసనాయిలు డబ్బా ఇచ్చి ఒక మనిషిని నిలబెట్టారు. ఏళ్ళ తరబడి చక్రం గారు అడిగిన కాలవ మందు కూడా ఆ డబ్బాల్లోనే ఉంది, ఇవ్వకముందే కాలం చెల్లిపోయింది. మధ్యలో బండిని స్టాండు వేసి పెట్టారు. కమిషనరు గారికి కుర్చీ వేశారు. చక్రం గారు గేటు వైపే చూస్తున్నారు.

గేటు ముందు ఆటో ఆగింది. కనకరత్నం దిగింది. పెళ్ళికి వెళుతున్నట్టు పట్టుచీర కట్టుకుని వచ్చింది.

అవధానులు గారు లేచి నమస్కారం చేశారు. "అమ్మా, సదరు పేరు లేని సరుకును తయారుచేసింది తమరేనా?"

"నేనే బాబూ. తెలివితక్కువ రోజుల్లో."

"సరుకు పేరు?"

"పేరేంటండి, పెళ్ళికొడుకుని ఆడిపోసుకునే పాట."

'వరదూషణ గీతము, ఒకటి' అని ఆయన రాసుకున్నారు. "గుర్తించబడినది కావున ఖర్చు చేయవచ్చును. కానివ్వండి."

చక్రం గారు తెర మీద ఆ పాట పెట్టారు. బండి కదలకుండా నిలబడి ఉంది కదా, వాల్యూం మీట ఎంత నొక్కినా పాట గొణుగుతున్నట్టే వచ్చింది. "వినబడుట లేదు. వినబడని సరుకు వాడినట్టు కాదు," అన్నారు అవధానులు గారు. ఇక గత్యంతరం లేక చక్రం గారు ఇంజను స్టార్టు చేసి యాక్సిలరేటరు తిప్పారు. పెళ్ళైన కొత్తలోని కనకరత్నం గొంతు ఒక్కసారి వాకిలంతా నిండింది.

*బ్రేకు లేని సైకిలెక్కి వచ్చాడే బావ*
*మా వీధి మురుక్కాలవ లోతు చూశాడే బావ*
*అద్దమెదుట నిలబడి దువ్వాడే బావ*
*దువ్వెన పళ్ళు ఊడినా దువ్వాడే బావ*

స్టాఫంతా విరగబడి నవ్వారు. చక్రం గారికి మలేరియా ఇన్‌స్పెక్టరు ఉద్యోగం రాకముందే మురుక్కాలవతో పరిచయం ఉందన్న సంగతి వాళ్ళకు ఆ రోజే తెలిసింది. కమిషనరు గారు కుర్చీలో వెనక్కి వాలిపోయి నవ్వారు. కనకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది.

'అత్తగారింట అన్నీ...' అని రెండో చరణం ఎత్తుకుందో లేదో, ముసలి గొంతు ఒకటి అడ్డొచ్చింది. "ఏంటమ్మాయ్, గొంతు వీధిదాకా వినపడతంది!" తరువాత గాజుల చప్పుడు, పరుగెత్తే అడుగులు. ఎప్పుడూ ఇక్కడికి రాకముందే ఆపేసే చక్రం గారి చేయి ఈసారి యాక్సిలరేటరు మీద ఉండిపోయింది. టేపు ఇంకా తిరిగింది. ఆ ముసలి గొంతు నవ్వింది. కడుపునిండా నవ్వింది.

"ఓసి పిచ్చిపిల్లా, ఎక్కడికే పారిపోతావు? మావాడి సంగతి భలేగా కట్టావు! రా, రా, మిగతాది పాడు, నేనెళ్ళి వీధి తలుపేసొస్తాను."

అక్కడితో టేపు ఆగిపోయింది.

చక్రం గారు ఇంజను ఆపారు. ఇద్దరూ వంటింట్లోకి పరుగెత్తడం వల్ల ఆ మాట అప్పుడు ఎవరూ వినలేదు. అత్తగారు తలుపు వేసి వచ్చేసరికి కోడలు పెరట్లో అంట్లు తోముతోంది. ఆవిడ మళ్ళీ అడగలేదు, ఈవిడ మళ్ళీ పాడలేదు. ఇన్నేళ్ళూ అలా గడిచిపోయాయి.

"నవ్వారండీ," అంది కనకరత్నం మెల్లగా. "అత్తయ్యగారు నవ్వారు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదాల మీద నవ్వు కూడా వచ్చింది, ఏది ఆపుకోవాలో ఆవిడకు తెలియలేదు. చక్రం గారి పరిస్థితీ అంతే.

అవధానులు గారు గొంతు సవరించుకున్నారు. "ఇందులో ఒక చిక్కు కనబడుచున్నది. సరుకు సగమే ఉంది. సరఫరా అసంపూర్ణం. మిగతా సగం జమ అయితే గాని నిల్ చేయడానికి వీల్లేదు. నిల్ కానిదే డబ్బా ఇవ్వడానికి వీల్లేదు." కిరసనాయిలు మనిషి మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

కనకరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ కొంగు నడుముకు చుట్టి బిగించింది.

"మిగతాదే కదా? ఇచ్చేస్తాను, రాసుకోండి," అంది. అని, ఇన్నేళ్ళ తర్వాత, ఆఫీసు వాకిట్లో, నోరారా ఎత్తుకుంది.

*అత్తగారింట అన్నీ ఉన్నాయన్నాడే బావ*
*అటక మీద చట్టి దించితే అడుగంతా ఖాళీ బావ*
*ఖాళీ చట్టి అయితేనేం, కలత పడకు బావా*
*పాట ఒకటి పాడుతాను, పక్కనుండు బావా*

గొంతు కొంచెం బొంగురుపోయింది, అక్కడక్కడా వణికింది. అయినా ఎవరూ కదల్లేదు. గోతి దగ్గర మనిషి కిరసనాయిలు డబ్బా కింద పెట్టేశాడు. చక్రం గారు బండి పక్కన నిలబడి పసిపిల్లాడిలా ఏడ్చారు, ఎవరేమనుకుంటారోనని కూడా చూసుకోలేదు.

పాట అయ్యాక అవధానులు గారు చాలాసేపు కలం పట్టుకుని ఆలోచించారు. "అమ్మా, ఈ సగం తమరు బండికి తగిలించి పాడలేదు కదా?"

"లేదండి. నోటితో పాడాను."

"తమరిక్కడికి ఎలా వచ్చారు? బండి వెనక కూర్చుని కాదు కదా?"

"ఆటోలోనండి."

"రక్షించారు," అని ఆయన నుదురు తుడుచుకున్నారు. "బండి మీద గనక వచ్చి ఉంటే తమర్ని కూడా స్టాకులో రాయవలసి వచ్చేది." నిల్ అని రాశారు. లక్క పగలగొట్టి, పెన్ డ్రైవ్ తీసి, ఊపి చూసి, లోపలేమీ లేదని నిర్ధారించుకుని, ఖాళీ డబ్బా కింద చక్రం గారి చేతిలో పెట్టారు. పెడుతూ, కనకరత్నం వైపు తిరిగి, ఇంకెవరికీ వినపడకుండా, "అటక మీద చట్టి భలేగా ఉందమ్మా," అన్నారు. ఆయన నవ్వినట్టు అనిపించింది గాని, ఎవరూ సాక్షి సంతకం పెట్టలేదు.

కమిషనరు గారు లేచి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అద్భుతం! అయితే ఇప్పుడు ఒక విషయం తోచింది. చెవులు నిండాయి. ఇక ఖాళీగా ఉన్నవి ముక్కులు!" అన్నారు. స్టాఫంతా చప్పట్లు కొట్టారు.

సాయంత్రం గేటు దగ్గర చక్రం గారు బండి తీసి, అలవాటు చొప్పున వెనక సీటు తుడిచారు. "ఎక్కు రత్నం, వెళదాం."

"నేనెక్కను బాబూ!" అని కనకరత్నం రెండడుగులు వెనక్కి వేసింది. "ఒకసారి తగిలానంటే వదుల్తారా వీళ్ళు? ఎండిపోయి గోళీకాయంత అయ్యేదాకా బీరువాలో పెడతారు."

చక్రం గారికి అది నిజమే అనిపించింది. బండిని తీసుకెళ్ళి షెడ్డులో పెట్టేసి వచ్చారు. ఇద్దరూ నడక మొదలుపెట్టారు. పెన్ డ్రైవ్ ఆయన జేబులోనే ఉంది. మార్కెట్టు దాటాక పక్కన కూనిరాగం మొదలైంది, తూము దగ్గరకొచ్చేసరికి అది పాటైంది, వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి గొంతు బాగా తెరుచుకుంది. టీ కొట్టు ధనరాజు కంగారుగా కొట్టు తలుపులు వెయ్యబోతూ బయటికొచ్చాడు.

"అమ్మగారూ, కాస్త మెల్లగా పాడండి, అవధానులు గారు వింటే నోటీసొస్తది! గొంతు వీధి చివరిదాకా వినపడతంది!"

"వినపడనీ ధనరాజూ," అన్నారు చక్రం గారు. "తలుపులేవీ వెయ్యకు."